సంక్రాంతికి కారులో ఊరెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

సంక్రాంతి సెలవులు మొదలవుతున్నాయనగా హైదరాబాదులో ఎల్బీ నగర్, హయత్‌నగర్ మీదుగా విజయవాడ వైపు సాగే కార్ల బారు చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా వరకూ తెగదు. ఈ రద్దీని తప్పించుకోవడానికి చాలా కుటుంబాలు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, సామాను సర్దుకుని, భోంచేసి, అర్ధరాత్రి వేళ బయలుదేరుతుంటాయి. టోల్‌గేటు దగ్గర కొంత సమయం కలిసివస్తుందన్నది నిజమే. కానీ పగలంతా పనిచేసి అలసిన మనిషి సూర్యాపేట దాటి కోదాడ వైపు వెళ్లేసరికి తెల్లవారుజామున మూడవుతుంది. నిద్ర బలంగా ముంచుకొచ్చే వేళ, పొగమంచు దట్టంగా దిగే వేళ, రోడ్డు పక్కన లారీలు ఆగి ఉండే వేళ కూడా అదే. కాబట్టి ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది బయలుదేరే సమయం గురించి. రాత్రి ఇంట్లో కడుపునిండా నిద్రపోయి, తెల్లవారాక బండి తీయడం మంచిది. వర్జ్యం, రాహుకాలం చూసుకుని గానీ గడప దాటని ఇళ్లలో సైతం, బండి నడిపేవారు ముందు రోజు ఎన్ని గంటలు నిద్రపోయారని అడిగేవారు కనిపించరు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. అంటే నాలుగు సెకన్లు రెప్ప వాలితే, నడిపేవారెవరూ లేకుండానే బండి వంద మీటర్లకు పైగా దూసుకుపోయినట్టు. కిటికీ అద్దం దించడం, పాటల శబ్దం పెంచడం, ముఖం కడుక్కోవడం వంటివి కొద్ది నిమిషాలపాటు మెలకువగా ఉన్నామన్న భ్రమను కలిగిస్తాయే తప్ప నిద్రను ఆపలేవు. ఆవలింతలు ఆగకపోవడం, చక్రం గీత మీదకు ఎక్కడం, గడిచిన రెండు మూడు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తులేకపోవడం వంటి లక్షణాలు కనిపించగానే పెట్రోలు బంకులోనో వెలుతురున్న దాబా ఆవరణలోనో బండి ఆపాలి. టీ, కాఫీల ప్రభావం మొదలవడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది కనుక, తాగిన వెంటనే సీటు వెనక్కి వాల్చి పావుగంట కునుకు తీస్తే రెండూ కలిసి పనిచేస్తాయి. ఈ చలికాలంలో జలుబుకు వేసుకునే మాత్రల్లో కొన్ని మగతను కలిగిస్తాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మునగాల, కోదాడ ప్రాంతాల్లో రోడ్డుకు ఇరువైపులా కాలువ నీటితో పండే పొలాలు, చెరువులు ఉండటంతో జనవరి ఉదయాల్లో మంచు అక్కడక్కడా గోడ కట్టినట్టు ఉంటుంది. అప్పటిదాకా తేటగా ఉన్న రోడ్డు ఒక్కసారిగా కనిపించకుండా పోతుంది. అటువంటప్పుడు హైబీమ్ వేస్తే వెలుతురు మంచు మీద పడి తిరిగి మన కళ్లలోకే వస్తుంది కనుక, లోబీమ్‌తో పాటు ఫాగ్ ల్యాంపులు వేసుకుని, కనిపించినంత దూరంలో ఆపగలిగిన వేగానికి తగ్గి, రోడ్డు అంచున ఉండే తెల్లగీతను ఆధారం చేసుకుని వెళ్లాలి. ముందు వెళ్తున్న బస్సు ఎర్రలైట్లను పట్టుకుని అదే వేగంతో వెంబడించడం చాలామందికి అలవాటు. ఆ బస్సు చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటే, దాని ముందు ఆగి ఉన్న లారీ మన ఎదుట ఉంటుంది. ఆ లారీకి వెనుక లైట్లు వెలగకపోవచ్చు, రిఫ్లెక్టర్ పట్టీ బురదతో కప్పుకుపోయి ఉండవచ్చు. ఏమీ కనిపించనప్పుడు రోడ్డు పక్కన ఆపితే మన కారే మరొకరికి ఆ లారీ అవుతుంది కాబట్టి, మెల్లగానైనా టోల్‌ప్లాజా లేదా బంకు దాకా వెళ్లి రోడ్డుకు పూర్తిగా దూరంగా నిలపాలి.

పగటిపూట ప్రమాదం ఎక్కువగా ఊళ్ల దగ్గర, డివైడర్ ఖాళీల దగ్గర పొంచి ఉంటుంది. యూటర్న్ దూరమని ఎదురుగా రాంగ్‌రూట్‌లో వచ్చే మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు అక్కడ సర్వసాధారణం.

టైర్లలో గాలిని ఉదయం బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. డ్రైవర్ తలుపు తీస్తే చట్రం మీద అతికించిన పట్టికలో సాధారణంగా రెండు రకాల అంకెలు ఉంటాయి. అయిదుగురూ, డిక్కీ నిండా సామానూ ఉన్నప్పుడు ఎక్కువ బరువుకు చెప్పిన అంకెనే పాటించాలి. టైరు పక్క భాగంలో అచ్చువేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. 3518 అని ఉంటే అది 2018లో 35వ వారంలో తయారైనదని అర్థం. గాడులు బాగానే కనిపిస్తున్నా అంత పాత టైరుతో ఇంత దూరం వెళ్లకూడదు. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూడటం అందరూ మరిచిపోయే పని. పైగా తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు అన్నీ దాని మీదే చేరతాయి కాబట్టి, జాకీ, స్పానర్లను వేరుగా చేతికందే చోట పెట్టుకోవడం మంచిది.

వెనుక సీట్లో కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవలసిందే. నిబంధనా అదే చెబుతోంది. పసిపిల్లలను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మాత్రం ఎంత దగ్గరి ప్రయాణానికైనా పనికిరాదు, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే దెబ్బ నేరుగా ఆ బిడ్డకే తగులుతుంది.

బండి ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి, వీలైనంత ఎడమకు జరిపి, అందరినీ ఎడమవైపు నుంచి దించి రెయిలింగ్ అవతలకు పంపాలి. త్రికోణపు హెచ్చరిక గుర్తును కనీసం యాభై మీటర్ల వెనుక పెట్టాలి. రోడ్డు వైపున్న టైరు పంక్చరైతే అక్కడే కూర్చుని మార్చే సాహసం చేయకుండా జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేయడం మేలు. గాయాలైతే 108కి చేయాలి.

గుంటూరు, ఒంగోలు, నెల్లూరు వైపు వెళ్లేవారు నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ వైపు తిరిగి, మిర్యాలగూడ మీదుగా అద్దంకి రోడ్డులో వెళ్తే కోదాడ దారి రద్దీ తప్పుతుంది. ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో ముందు రోజే చూసుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు మరొక చిక్కు ఉంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి మరుసటి రోజు అందరూ ఒకేసారి కదులుతారు. ఆ సాయంత్రం బయలుదేరితే చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌ప్లాజాల వద్ద నిరీక్షణతోనే అర్ధరాత్రి దాటుతుంది. ఆఫీసులో ఒక రోజు సెలవు ఎక్కువ అడిగి, ఆ మర్నాడు ఉదయం టిఫిన్ చేసి బయలుదేరితే చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు.