గల్లాపెట్టెలో అరుదైన బిళ్ళలు పట్టుకోవడం ఎలా

చిల్లర లెక్కపెట్టేటప్పుడు అందరం విలువ చూసి బిళ్ళ పక్కన పడేస్తాం. అరుదైనది దొరకాలంటే సంవత్సరం చదవాలి, దాని కింద ఏ గుర్తుందో చూడాలి. జగిత్యాలలో మా కిరాణా దుకాణం మూసే ముందు నేను రోజూ చేసేది అదే. భూతద్దం లేకపోయినా ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే చాలు. లైటు పక్కనుంచి పడేలా పట్టుకుంటే అరిగిన గుర్తులు కూడా తేలి కనిపిస్తాయి.

సంవత్సరం కింద ఐదు కోణాల నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలది, అంటే నాణేలు తయారుచేసే చోటిది. ఒకప్పుడు సైఫాబాద్‌లో ఉండేది, 1997లో చర్లపల్లికి మారింది. డైమండ్ గుర్తు ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

ఈ నాలుగూ కాక ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే ఆ బిళ్ళను వదలొద్దు. చిల్లరకు కరువొచ్చిన రోజుల్లో మన ప్రభుత్వం బయటి దేశాల్లో కూడా నాణేలు వేయించింది. 1985 రూపాయి మీద ‘హెచ్’ ఉంటే అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైంది. 1997 రూపాయి మీద ‘ఎం’, దాని నెత్తిన చిన్న సున్నా ఉంటే మెక్సికోది. 1998 రూపాయి మీద ‘ఎంకె’ అంటే స్లొవేకియాలోని క్రెమ్నికా. 1999, 2000 నాటి ఐదు రూపాయల బిళ్ళల్లో మాస్కోలో వేసినవి కూడా ఉన్నాయి. బిళ్ళ మీద మన సింహాలే, కానీ అది పుట్టింది మెక్సికోలో! నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే.

తెల్ల బిళ్ళలు కుప్పగా ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి. స్టీలువి అతుక్కుంటాయి, రాగి నికెల్ కలిపిన పాతవి అతుక్కోవు. మందపాటి పాత ఐదు రూపాయల బిళ్ళ, పదకొండు అంచుల రెండు రూపాయల బిళ్ళ ఇలా వేరుపడతాయి. తర్వాత బొమ్మలు చూడండి. రెండు రూపాయల మీద శివాజీ, సుభాష్ చంద్రబోస్, ఐదు రూపాయల మీద ఇందిరా గాంధీ, కామరాజ్ ఉన్నవి వచ్చాయి. నచ్చింది తీసుకున్నప్పుడు అంతే విలువైన బిళ్ళ మీ జేబులోంచి గల్లాలో వేయండి, లేకపోతే రాత్రి లెక్క తేలదు.

పది రూపాయల బిళ్ళ మా వైపు చాలామంది తీసుకోరు. రూపాలు వేరైనా అన్నీ చెల్లుతాయని, అప్పటికి వచ్చిన 14 రకాలూ అసలువేనని రిజర్వ్ బ్యాంక్ 2018లోనే చెప్పింది. నేను కాదనను. అందుకే నా దగ్గర చాలా రకాలు పోగయ్యాయి.

మా ఊళ్ళో గల్ఫ్‌కు ఎవరూ పోని ఇల్లు తక్కువ. పిల్లలు నాన్న పెట్టెలోంచి తెచ్చిన దుబాయ్ దిర్హం బిళ్ళను రూపాయి అనుకొని ఇచ్చేస్తుంటారు. పాత స్టీలు రూపాయి సైజుకి దగ్గరగా ఉంటుంది, మీద కాఫీ కూజా బొమ్మ. తెరచాప పడవ, అరబ్బీ రాత ఉంటే కువైట్‌దో ఖతర్‌దో అయి ఉంటుంది. దిర్హం విలువ ఇరవై రూపాయల పైమాటే, కాబట్టి అది ఆ ఇంటికి తిరిగి ఇచ్చేయండి. వాళ్ళు ఉంచుకోమంటేనే ఉంచుకోండి.

దొరికిన బిళ్ళను చింతపండుతో తోమకండి. తళతళలాడుతుంది కానీ పైపొర పోతుంది, సేకరించేవాళ్ళు దాన్ని పక్కన పెట్టేస్తారు. అంచులు పట్టుకొని పొడి కాగితపు కవర్లో వేసి, పైన సంవత్సరం, గుర్తు రాసుకోండి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళకు లక్షలు ఇస్తామని ఫోన్‌లో వచ్చే ప్రకటనలు నమ్మకండి. ముందు ఫీజు కట్టమంటారు, పన్ను అంటారు. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తమ పేరు వాడుకొని డబ్బు అడిగేవాళ్ళతో జాగ్రత్త అని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది. అమ్మాలనుకుంటే బిళ్ళను చేత్తో పట్టుకొని చూసి, అక్కడే డబ్బు ఇచ్చేవాళ్ళకే అమ్మండి.