లైవ్ యాక్షన్ రీమేక్ ట్రైలర్ వచ్చిందా? తిట్టేముందు, టికెట్ కొనేముందు ఇలా చూడండి

ఫలానా యానిమేషన్ సినిమాని మనుషులతో మళ్ళీ తీస్తున్నారు అని వార్త రాగానే రెండు గుంపులు తయారైపోతాయి, ఒకళ్ళు మా చిన్నతనాన్ని నాశనం చేస్తున్నారు అంటారు, ఇంకొకళ్ళు ఒక్క ఫ్రేమ్ చూడకుండానే బ్లాక్‌బస్టర్ అనేస్తారు. ఎంత ఆశ పెట్టుకోవాలి, ఏ గొడవని పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి అనేది మనమే తేల్చుకోవచ్చు, పెద్ద కష్టమేం కాదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు ఒరిజినల్ మళ్ళీ చూడండి. గుర్తుందిలే అనుకోవద్దు, పాటలు గుర్తుంటాయి, మిగతా సగం మనం మనసులో కల్పించుకున్నదే ఉంటుంది. చూస్తూ ఒక్కటి గమనించండి, ఇందులో గీస్తేనే కుదిరేది ఏంటి, కెమెరా పెడితే పోయేది ఏంటి అని. నన్నడిగితే అసలు విషయమంతా ఇక్కడే ఉంది, మిగతా గొడవలన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు కొత్త ట్రైలర్‌ని సౌండ్ తీసేసి చూడండి. నిజంగా మ్యూట్ చెయ్యండి. ఎందుకంటే ట్రైలర్లలో పాత ట్యూన్‌ని మెల్లగా పియానో మీద వాయించి మనల్ని పడేస్తారు, సగం పులకింత ఆ ట్యూన్‌దే. సౌండ్ తీసేస్తే మిగిలేవి ముఖాలు. ద లయన్ కింగ్ తీసుకోండి, 1994 సినిమాలో తండ్రి చనిపోయాక సింబా ఆయన చెయ్యి కింద దూరి పడుకునే చోట చూడండి, కనుబొమ్మలు పైకి లేస్తాయి, చెవులు వాలిపోతాయి, కళ్ళ నిండా నీళ్ళు, అసలు ఏ సింహానికీ అలాంటి ముఖం ఉండదు, మనిషి ఏడుపుని తెచ్చి సింహం మీద గీశారు. 2019లో అదే సీన్‌కి ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టేంత నిజంగా చేశారు, కానీ నిజం సింహం పిల్లకి కనుబొమ్మలే లేవాయె, ఇక ఆ ఏడుపు ఎక్కడ కనపడాలి? గొంతు ఒకటే ఏడుస్తుంది, ముఖం మామూలుగా ఉంటుంది. ఇంకో తమాషా ఏంటంటే, దాన్ని అందరూ లైవ్ యాక్షన్ అన్నారు గానీ అందులో నిజంగా కెమెరాతో తీసిన షాట్ ఒక్కటే ఉందని, అది మొదటి షాటేనని డైరెక్టర్ జాన్ ఫావ్రోనే చెప్పాడు, గోల్డెన్ గ్లోబ్స్‌లో అయితే యానిమేషన్ కేటగిరీలోనే నామినేట్ అయింది.

అదే ఫావ్రో 2016లో ద జంగిల్ బుక్ తీస్తే అది బాగా అతికింది, ఎందుకంటే జంతువుల పక్కన ఒక నిజం పిల్లాడు ఉన్నాడు, మనం వాడి ముఖం పట్టుకుని వెళ్ళిపోతాం. 2025లో లిలో అండ్ స్టిచ్‌లో గ్రహాంతర జీవి స్టిచ్‌ని, హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్‌లో టూత్‌లెస్ అనే డ్రాగన్‌ని పెద్ద కళ్ళతో బొమ్మలాగే ఉంచేసి పక్కన నిజం పిల్లల్ని పెట్టారు, అదీ తెలివైన పనే. కాబట్టి ట్రైలర్‌లో చూడాల్సింది గ్రాఫిక్స్ ఎంత నిజంగా ఉన్నాయని కాదు, ఆ జంతువు దేనికి భయపడుతోందో సౌండ్ లేకుండా మీకు తెలుస్తోందా లేదా అని.

తర్వాత నిడివి చూడండి, ఇది ఎవ్వరూ చూడరు. ద లిటిల్ మెర్మెయిడ్ 1989లో 83 నిమిషాలు, 2023లో 135. బ్యూటీ అండ్ ద బీస్ట్ 84 నుంచి 129కి వెళ్ళింది. కథ అదే అయినప్పుడు ఆ ముప్పావుగంట ఎక్కడినుంచి వచ్చింది? మామూలుగా కొత్త పాటలు, అమ్మానాన్నల గతం, ఒరిజినల్‌లో ఎవరూ అడగని ప్రశ్నలకి జవాబులు. కొన్నిసార్లు బాగుంటాయి, చాలాసార్లు సాగదీత. నిడివి బాగా పెరిగి, ట్రైలర్‌లో మాత్రం అన్నీ పాత సీన్లే కనపడితే కాస్త ఆశ తగ్గించుకోండి.

ఇక గొడవలు. అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. నటి పేరు చెప్పిన రోజే మొదలయ్యే గొడవ ఒకటి, 2019 జూలైలో ద లిటిల్ మెర్మెయిడ్ హీరోయిన్ ఏరియల్‌గా నల్లజాతి గాయని హాలీ బెయిలీని అనౌన్స్ చేసినప్పుడు జరిగింది అదే, అప్పటికి షూటింగే మొదలవ్వలేదు, ఒంటి రంగు తప్ప మాట్లాడ్డానికి ఇంకేమీ లేదు, ఇలాంటివి మొత్తానికే వదిలేయండి, ఆ అమ్మాయి పాట విన్నాక మాట్లాడుకోవచ్చు. స్నో వైట్ మీద 2022లో తానే మరుగుజ్జు అయిన నటుడు పీటర్ డింక్లేజ్ అన్నది అలాంటిది కాదు, మరుగుజ్జుల్ని ఇంకా గుహలో ఉండేవాళ్ళలాగే చూపిస్తారా అని ఆ బాధ తెలిసిన మనిషి కథ గురించే అడిగాడు, అది వినాల్సిన మాట, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. మూడోది మూలాన్‌లాంటిది, 2020లో వచ్చినప్పుడు ఎండ్ క్రెడిట్స్‌లో ఉయ్‌ఘర్ ముస్లింలని నిర్బంధిస్తున్నారనే ఆరోపణలున్న చైనాలోని షిన్‌జియాంగ్ ప్రభుత్వ శాఖలకి థ్యాంక్స్ చెప్పారని పెద్ద రచ్చ అయింది, ఇది సినిమా బాగుందా లేదా అనేదానితో తేలదు, డబ్బులు పెట్టాలా వద్దా అనేది ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి.

కథ మార్చారు అనే గొడవ వస్తే మాత్రం (లిలో అండ్ స్టిచ్ చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి) మార్చారా అని కాదు, మార్చింది ఒరిజినల్‌కి ఎదురు తిరుగుతోందా అని చూడండి. 2002 సినిమా అంతా చెల్లెల్ని వదులుకోకూడదని అక్క పడే తిప్పలే కదా, 2025లో ఆ అక్క చెల్లెల్ని పక్కింటివాళ్ళ దగ్గర ఉంచి చదువుకోడానికి వెళ్తుంది. తను కూడా బతకాలి కదా అనేవాళ్ళూ ఉన్నారు, అసలు సినిమా ప్రాణమే పోయింది అనేవాళ్ళూ ఉన్నారు, నాకైతే రెండోదే నిజం అనిపిస్తుంది, అయినా ఇది సినిమా చూశాక చెయ్యదగ్గ మంచి గొడవ.

గోల చూసి హిట్టా ఫ్లాపా అని జోస్యం చెప్పడం అయితే మానేయండి. 2019లో విల్ స్మిత్ నీలం రంగు జీనీని చూసి లోకమంతా నవ్వింది, అల్లాదీన్ 100 కోట్ల డాలర్లు దాటింది. స్నో వైట్‌నీ అంతే ఏడిపించారు, అది మాత్రం నిజంగానే పోయింది, బడ్జెట్ 25 కోట్ల డాలర్ల పైమాట, వసూళ్ళు 20 కోట్ల చిల్లర. డిస్‌లైకుల లెక్కలు చూపించి ఎవరైనా వాదిస్తే, యూట్యూబ్ 2021 నవంబర్‌లోనే ఆ నంబర్ దాచేసింది, బయట తిరిగేవి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు వేసిన అంచనాలు అని చెప్పండి. రేటింగులు కూడా మొదటి రెండు రోజులు నమ్మొద్దు, ద లిటిల్ మెర్మెయిడ్‌కి ఓట్లు తేడాగా పడుతున్నాయని సినిమాల రేటింగ్ సైట్ ఐఎండీబీనే పేజీ మీద నోట్ పెట్టింది. దానికన్నా స్టూడియో రివ్యూలని ఎప్పుడు రానిస్తోందో చూసుకోండి, రిలీజ్‌కి ముందు రోజు దాకా ఆపితే వాళ్ళకే నమ్మకం లేదేమో అని అనుమానించొచ్చు, ప్రతిసారీ నిజం కాదనుకోండి.

ఇదంతా ట్రై చెయ్యడానికి మోవానా సరిపోతుంది. ఒరిజినల్ 2016ది, లైవ్ యాక్షన్‌కి 2026 జూలై 10 డేట్ వేశారు, పదేళ్ళకే రీమేక్ అవసరమా అనే గొడవ ఎప్పుడో మొదలైంది, అందులో సగం దేవుడైన మావీగా మళ్ళీ డ్వేన్ జాన్సనే. ఒరిజినల్‌లో మావీ ఒంటి మీద పచ్చబొట్టులో ఒక చిన్న మావీ ఉంటాడు చూడండి, వాడిని చేత్తో గీశారు, మాట లేకుండానే పెద్ద మావీని వెక్కిరిస్తాడు, బుద్ధి చెప్తాడు. నిజం మనిషి చర్మం మీద వాడు ఎలా కదులుతున్నాడో ముందు అది చూడండి, జాన్సన్ విగ్గు సంగతి తర్వాత.