సొంతంగా కట్టుకున్న స్టోరేజీ సర్వర్: లోపం ఓఎస్‌దా, పెట్టెదా?

పాత కంప్యూటర్‌లో మూడో నాలుగో హార్డ్ డిస్కులు బిగించి, ఇంటి ఫోటోలూ స్టూడియో పెళ్లి వీడియోలూ ఒకేచోట దాచుకునే నెట్‌వర్క్ స్టోరేజీ సర్వర్‌గా మార్చుకున్నవారు అమలాపురం నుంచి భీమవరం దాకా నాకు చాలామంది పరిచయం. ఏదో ఒకటి మొరాయించగానే వారు నన్ను అడిగే మాట దాదాపు ఒక్కటే: "ఈ ఓఎస్ తీసేసి ఇంకోటి వేసేద్దామాండీ?" వేయవచ్చు. అయితే నేను చూసిన వాటిలో సగానికి పైగా సందర్భాల్లో తప్పు ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు. దాన్ని మార్చడం కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే అయింది. అందుచేత ఏది మంచిదన్న చర్చకు ముందు లక్షణాన్ని చూసి కారణాన్ని పట్టుకోవడం మేలు.

మన ఊళ్లలో ప్రధానంగా వాడుకలో ఉన్నవి మూడు. ఒకప్పుడు ఫ్రీనాస్ పేరుతో ఫ్రీబీఎస్‌డీ మీద నడిచి, ఇప్పుడు డెబియన్ లినక్స్ మీదికి మారిన ట్రూనాస్ మొదటిది. దాని ప్రాణమంతా జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతిలో, ఉంది. రెండవది కూడా డెబియన్ మీద నడిచే ఉచిత వ్యవస్థ అయిన ఓపెన్‌మీడియావాల్ట్. మూడవది సొమ్ము చెల్లించి కొనుక్కోవలసిన అన్‌రెయిడ్.

లక్షణం: కొత్త ఓఎస్ చెక్‌సమ్ లోపాలు చూపిస్తోంది, పాతదానిలో ఏ ఫిర్యాదూ లేదు

రాజోలు వైపు, సముద్రపు గాలి నేరుగా తగిలే ఒక ఊరిలో ఫోటో స్టూడియో నడుపుతున్న ఒకాయన రెండేళ్లపాటు ఓపెన్‌మీడియావాల్ట్‌ను ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌తో ఏ చిక్కూ లేకుండా వాడుకుని, ఎవరో చెప్పగా ట్రూనాస్‌కు మారారు. వారం తిరగకుండానే రెండు డిస్కుల పక్కన చెక్‌సమ్ లోపాల అంకెలు కనబడసాగాయి. (చెక్‌సమ్ అంటే సమాచారం మారలేదని సరిచూసుకునేందుకు దాని నుంచే లెక్కగట్టి దాచే గుర్తు సంఖ్య.) పాతదే నయమని, వెంటనే వెనక్కి వెళ్లిపోదామని ఆయన పట్టుబట్టారు.

ఇక్కడ కారణం రెండు అంచెల్లో ఉంది. ఈఎక్స్‌టీ4 తన సొంత పట్టికలకు చెక్‌సమ్ ఉంచుకోగలదు గాని, మీ ఫైలులోని సమాచారానికి ఉంచదు. డిస్కు ఏది ఇస్తే దాన్నే నిజమని నమ్మి మీ చేతిలో పెడుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అలా కాదు: రాసిన ప్రతి బ్లాకుకూ ఒక చెక్‌సమ్ విడిగా దాచి, చదివినప్పుడల్లా సరిచూస్తుంది. అంటే పాత ఓఎస్‌లో లోపం లేకపోలేదు, అడిగేవారు లేకపోయారు. బయటికి నిక్షేపంగా కనిపిస్తూ లోపల డొల్లగా ఉండే కరి మింగిన వెలగపండు వంటి ఫైళ్లు ఆ రెండేళ్లలో ఎన్ని తయారయ్యాయో చెప్పే సాధనమే ఆ పెట్టెలో లేదు.

రెండవ అంచె లోపం ఎక్కడ పుట్టిందన్నది. ఒకే డిస్కు మీద లోపాలు పెరుగుతుంటే ఆ డిస్కును అనుమానించాలి. రెండు మూడు డిస్కుల మీద ఒకేసారి కనిపిస్తే మాత్రం వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్న వాటిని, అనగా సాటా కేబుళ్లు, కంట్రోలర్ కార్డు, పవర్ సప్లై, ర్యామ్‌లను వరుసగా పరీక్షించాలి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ నివేదికలో 199వ అంశం, అంటే డిస్కుకూ కంప్యూటర్‌కూ నడుమ రవాణాలో వచ్చిన సీఆర్‌సీ లోపాల లెక్క, పెరుగుతుంటే దాదాపు ఎప్పుడూ కేబుల్‌దే తప్పు. 5, 197 అంశాలు పెరుగుతుంటే డిస్కు ఉపరితలమే చెడుతోందని అర్థం. ఆ స్టూడియోలో 199వ అంకె వందలు దాటింది, మిగతా రెండూ సున్నా దగ్గరే ఉన్నాయి. పెట్టె విప్పి చూస్తే కనెక్టర్ల లోహం మీద ఉప్పు గాలికి పట్టిన మసక పొర కనిపించింది.

పరిష్కారం చవకలోనే అయిపోయింది. కేబుళ్లన్నీ కొత్తవి వేసి, డిస్కుల అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రాత్రంతా మెమరీ పరీక్ష నడిపించి, పాత లోపాల లెక్కలను చెరిపేసి, ప్రతి బ్లాకునూ చదివి సరిచూసే స్క్రబ్ మొదలుపెట్టాము. పూల్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్ ఒకటిగా కలిపిన డిస్కుల సమూహంలో) మిర్రర్ (మరో డిస్కు మీద అచ్చు నకలు) గాని పారిటీ (పోయినదాన్ని తిరిగి లెక్కగట్టేందుకు దాచే అదనపు సమాచారం) గాని ఉంటే స్క్రబ్ చెడిన బ్లాకును మంచి నకలు నుంచి తానే సరిచేస్తుంది. 199వ అంశం లెక్క వెనక్కి తగ్గదు. అది పెరగడం ఆగిపోతే చాలు. అయితే పాత ఈఎక్స్‌టీ4 కాలంలోనే చెడిపోయి, చెడిపోయిన రూపంలోనే కొత్త పూల్‌లోకి నకలైన ఫోటోలను జెడ్‌ఎఫ్‌ఎస్ బాగుచేయలేదు. చెడిన దాన్నే చెక్కుచెదరకుండా కాపాడుతుంది. ఒక ఉపనయనం ఆల్బమ్‌లో కొన్ని ఫోటోలు సగం బూడిదరంగుగా మారిన సంగతి ఆయనకు ఆ తరువాతే బయటపడింది.

కాబట్టి తిరిగి తీయలేని చిత్రాలను దాచే పెట్టెకు, చెక్‌సమ్ ఉన్న ఫైల్ సిస్టమ్ తప్పనిసరి అన్నది నా అభిప్రాయం. దానికి ట్రూనాసే కావాలని లేదు. ఓపెన్‌మీడియావాల్ట్‌లో చెక్‌సమ్ ఉన్న మరో ఫైల్ సిస్టమ్ అయిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మిర్రర్‌ను నేరుగా పెట్టుకోవచ్చు, ప్లగిన్ ద్వారా జెడ్‌ఎఫ్‌ఎస్ కూడా వేసుకోవచ్చు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో పలు డిస్కులకు పారిటీని పంచే రెయిడ్ 5, 6 పద్ధతులను మాత్రం అసలు ఫైళ్ల కోసం వాడవద్దని దాన్ని తయారుచేసేవారే హెచ్చరిస్తున్నారు. తప్పులు దిద్దుకునే ఈసీసీ ర్యామ్ ఉంటే మంచిదే, లేదని జెడ్‌ఎఫ్‌ఎస్‌ను మానుకోనక్కరలేదు.

లక్షణం: పెద్ద డిస్కు కొని చేర్చినా చోటు పెరగలేదు

పెళ్లిళ్ల సీజను ముగిసేసరికి డిస్కులు నిండిపోవడం, చేతిలో డబ్బు ఉన్నప్పుడు దొరికిన సైజులో ఒకటి కొనడం మనవారి అలవాటు. అలా ఒకచోట 2, 4, 8, 8 టెరాబైట్ల డిస్కులు పోగయ్యాయి. వాటిని జెడ్‌ఎఫ్‌ఎస్‌లో, ఒక డిస్కంత చోటు పారిటీకి పోయే ఒకే రెయిడ్‌జెడ్1 వరుసగా పెడితే ప్రతి డిస్కునూ అతి చిన్నదాని సైజుకే లెక్కిస్తుంది కనుక, 22 టెరాబైట్ల లోహం కొని వాడుకోగలిగేది సుమారు 6 మాత్రమే. అవే నాలుగు డిస్కులను అన్‌రెయిడ్‌లో పెట్టి ఒక 8 టెరాబైట్ల డిస్కును పారిటీకి కేటాయిస్తే మిగిలిన 2, 4, 8 కలిసి 14 టెరాబైట్లు దక్కుతాయి. పారిటీ డిస్కు మిగతా ఏ డిస్కు కంటే చిన్నది కాకూడదన్నదొక్కటే అక్కడి నియమం.

కొంతకాలం కిందటి దాకా రెయిడ్‌జెడ్ వరుసకు ఒక డిస్కును అదనంగా చేర్చే వీలే ఉండేది కాదు. ట్రూనాస్ 24.10 విడుదలతో, అటు తరువాత 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో ఆ వీలు కలిగింది. అయినా పాత ఫైళ్లు పాత పారిటీ నిష్పత్తిలోనే ఉండిపోతాయి, వాటిని తిరిగి రాస్తే తప్ప పూర్తి లాభం కనబడదు. చిన్న డిస్కు నియమమూ మారలేదు. అందువల్ల ఒకే సైజు డిస్కులను ఒకేసారి కొనగలిగినవారు ట్రూనాస్‌ను, ఏటా ఒకటి చొప్పున రకరకాల సైజులు చేర్చుకునేవారు అన్‌రెయిడ్‌ను ఎంచుకోవడం సబబు.

అన్‌రెయిడ్ ఖరీదు భారమనిపిస్తే ఓపెన్‌మీడియావాల్ట్ మీద, డిస్కులన్నింటినీ ఒకే ఫోల్డరుగా చూపే మెర్జర్‌ఎఫ్‌ఎస్, పారిటీ లెక్కగట్టే స్నాప్‌రెయిడ్ అనే రెండింటిని కలిపి ఇంచుమించు అదే ఏర్పాటు ఉచితంగా చేసుకోవచ్చు. స్నాప్‌రెయిడ్ పారిటీని ఎప్పటికప్పుడు కాక, మీరు సింక్ నడిపినప్పుడు మాత్రమే లెక్కగడుతుంది. ఒకసారి పెట్టాక మారని పెళ్లి వీడియోలకు అది చక్కగా సరిపోతుంది. రొయ్యల చెరువు గట్టున రాత్రింబవళ్లు రికార్డు చేసే సీసీ కెమెరాల ఫైళ్లకు మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే అవి గంటగంటకూ పుట్టి చెరిగిపోతుంటాయి. నిజానికి వాటికి ఏ రెయిడూ అక్కరలేదు, విడిగా ఒక డిస్కు ఇస్తే చాలు.

కొత్త డిస్కు చేర్చిన తరువాత పునర్నిర్మాణం రోజుల తరబడి సాగుతుంటే, అది ట్రాకులు ఒకదానిపై ఒకటి కప్పుకునే ఎస్‌ఎంఆర్ రకపు డిస్కేమో చూడండి. జెడ్‌ఎఫ్‌ఎస్‌కు అది బొత్తిగా పడదు.

లక్షణం: కరెంటు పోయి వచ్చాక షేర్లు (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్లు) కనబడవు, లేదా పెట్టె గంటల తరబడి గిరగిర తిరుగుతూనే ఉంటుంది

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున కోనసీమలో కరెంటు ఒకసారి పోయి ఊరుకోదు. పోతూ వస్తూ చివరికి పోతుంది. 1996 నవంబరు తుఫానును చూసినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. ఇక్కడ ఓఎస్‌ల మధ్య తేడా నిజంగానే ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్ పాతదాన్ని చెరపకుండా కొత్తదాన్ని వేరేచోట రాసి, ఆ తరువాతే పాత గుర్తును మారుస్తుంది; కనుక హఠాత్తుగా కరెంటు పోతే చివరి కొన్ని సెకన్లలో రాయవలసినది పోవచ్చునేమో గాని, పూల్ నిలకడగా లేచి నిలబడుతుంది. అన్‌రెయిడ్ అయితే సక్రమంగా ఆగలేదని గుర్తించి, మళ్లీ లేవగానే పారిటీ మొత్తాన్ని సరిచూడటం మొదలుపెడుతుంది. 8 టెరాబైట్ల పారిటీ డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో చదివితే సుమారు 15 గంటలు పడుతుంది. ఆ 15 గంటల్లో కరెంటు మళ్లీ పోదని హామీ ఇవ్వగల లైన్‌మన్ మన డెల్టాలో లేడు.

అయితే దీనికి మందు ఓఎస్ మార్చడం కాదు, సర్వర్‌కు కరెంటు పోయిన కబురు అందేలా చేయడం. ఇంటి ఇన్వర్టర్ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. సాధారణ ఇన్వర్టర్ తన బ్యాటరీ అయిపోతోందని కంప్యూటర్‌కు చెప్పలేదు. అర్ధరాత్రి బ్యాటరీ ఖాళీ అయిన క్షణాన సర్వర్ కూడా పడిపోతుంది. నేను అనుసరించే పద్ధతి ఇది: ఇన్వర్టర్‌కూ సర్వర్‌కూ నడుమ యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్న చిన్న యూపీఎస్ పెడతాను. ఇన్వర్టర్ నిలబడినంతసేపు యూపీఎస్‌కు కరెంటు ఉన్నట్టే లెక్క. ఇన్వర్టర్ చేతులెత్తేసిన క్షణాన యూపీఎస్ బ్యాటరీ మీదికి మారి, ఆ కబురు సర్వర్‌కు పంపుతుంది, సర్వర్ రెండు నిమిషాల్లో పద్ధతిగా ఆగిపోతుంది. ఈ కబురు అందుకునే నట్ అనే సాఫ్ట్‌వేర్ ట్రూనాస్‌లో సిద్ధంగా ఉంది, ఓపెన్‌మీడియావాల్ట్‌లో ప్లగిన్‌గా దొరుకుతుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం కావాలి. స్క్వేర్ వేవ్ రకమైతే కొన్ని యూపీఎస్‌లు దాన్ని కరెంటుగానే గుర్తించక టకటకా కొట్టుకుంటాయి. కంప్యూటర్ మొదలయ్యేటప్పటి అమరికలు ఉండే బయోస్‌లో, కరెంటు రాగానే తానే లేచే అమరికను కూడా తుఫాను రోజుల్లో తీసేయడం మంచిది.

ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగురవేసే పరిస్థితి వస్తే, లంక గ్రామాలవారికి యూపీఎస్ కూడా దండగే. సర్వర్ ఆపి, డిస్కుల మీద క్రమసంఖ్యలు రాసి, డబ్బాలో పెట్టి మేడ మీదికి చేర్చాలి.

లక్షణం: నకలు చేసే వేగం 11 మెగాబైట్లు దాటదు

ఇందులో ఓఎస్ ప్రమేయం లేదు. సెకనుకు 11, 12 మెగాబైట్ల దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే మీ లింకు 100 మెగాబిట్లకు పడిపోయిందని అర్థం. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. ఒక్క తీగ తెగినా, చుంచెలుక కొరికినా వేగం 100కు దిగవచ్చు. కేబుల్, ఆపైన స్విచ్ మార్చి చూడండి. సరైన గిగాబిట్ లింకులో పెద్ద ఫైళ్లకు 110 దాకా రావాలి. ఇదే వరుసలో మరో ఫిర్యాదు, ట్రూనాస్ మెమరీ అంతా మింగేస్తోందని. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను కాష్‌గా వాడుకోవడం జెడ్‌ఎఫ్‌ఎస్ స్వభావం, అది జబ్బు కాదు. ట్రూనాస్‌కు కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. మీ పెట్టెలో 2 జీబీ మాత్రమే ఉన్నా, అది రాస్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు అయినా ఓపెన్‌మీడియావాల్ట్ వైపు వెళ్లండి.

లక్షణం: అప్‌డేట్ తరువాత నేను పెట్టినవన్నీ మాయమయ్యాయి

ట్రూనాస్ తనను తాను ఒక ఉపకరణంగా భావిస్తుంది; బూట్ డిస్కు మొత్తాన్ని తనకే ఉంచుకుంటుంది, అప్‌డేట్‌లో సిస్టమ్ భాగాన్ని మొత్తంగా మార్చివేస్తుంది. కమాండ్ లైన్‌లో మీరు చొప్పించిన ప్యాకేజీలు అందుకే నిలవవు. ఓపెన్‌మీడియావాల్ట్‌లో ప్యాకేజీలు నిలుస్తాయి గాని, విండోస్‌కు ఫోల్డర్లు పంచే సాంబా వంటి వాటి కాన్ఫిగరేషన్ ఫైళ్లను చేత్తో దిద్దితే వెబ్ పేజీలో తరువాతి మార్పు చేసినప్పుడు అవి కొట్టుకుపోతాయి. ఏ మార్పయినా వెబ్ పేజీలోనే చేయడం, అదనపు సాఫ్ట్‌వేర్‌ను సిస్టమ్‌కు అంటకుండా విడిగా నడిపే డాకర్‌లో పెట్టడం రెండింటికీ వర్తించే పరిష్కారం. స్వయంగా లినక్స్ ఫైళ్లు దిద్దే అలవాటున్నవారు నేరుగా డెబియన్ వేసుకుంటే ఈ కీచులాట ఉండదు.

లక్షణం: కొత్త విండోస్ కంప్యూటర్ నుంచి షేర్ తెరుచుకోదు

విండోస్ 11 ప్రో 24హెచ్2 నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని అనుమతించడం లేదు. సర్వర్‌లో పేరూ పాస్‌వర్డూ ఉన్న ఖాతా తెరిచి దానితో వెళ్లండి. విండోస్ భద్రతను సడలించకండి.

లక్షణం: డిస్కులు వేరే పెట్టెలో పెడితే పూల్ చదవబడదు

ఇది ఓఎస్ మార్చేవారికి చివరలో తగిలే దెబ్బ. కొత్త విడుదల వేసుకోగానే పూల్‌ను అప్‌గ్రేడ్ చేయమని ట్రూనాస్ గుర్తు చేస్తుంటుంది. ఆ మీట నొక్కితే కొత్త లక్షణాలు చేరి, పాత విడుదలలో గాని పాత జెడ్‌ఎఫ్‌ఎస్ ఉన్న మరో ఓఎస్‌లో గాని ఆ పూల్ తెరుచుకోకపోవచ్చు. కొన్ని నెలలు ఆగి, వెనక్కి వెళ్లే అవసరం లేదని తేలాకే నొక్కండి. తరలించే ముందు పూల్‌ను ఎక్స్‌పోర్ట్ చేయండి, అంటే పాత పెట్టె నుంచి పద్ధతిగా విడదీయండి. అన్‌రెయిడ్‌లోనూ మెర్జర్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఒక్కో డిస్కు విడిగా ఒక పూర్తి ఫైల్ సిస్టమ్ కాబట్టి ఏ లినక్స్ కంప్యూటర్‌కు తగిలించినా అందులోని ఫైళ్లు చదువుకోవచ్చు. ఊరిలో సాంకేతికం తెలిసినవారు ఎవరూ లేని ఇంటికి, పిల్లలు విదేశాల్లో ఉండి తల్లిదండ్రులు మాత్రమే మిగిలిన ఇంటికి, నేను ఈ ఒక్క కారణం చేతనే ఇలాంటి ఏర్పాటును సూచిస్తాను.

ఏ ఓఎస్ వేసినా, అసలు ఫైళ్లు ఎక్కించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పనికిరాని ఫైళ్లతో పూల్ నింపి, సర్వర్ ఆపి, ఒక డిస్కు కేబుల్ పీకి మళ్లీ వెలిగించండి. షేర్ తెరుచుకుందా, డిస్కు పోయిందని మీ ఫోనుకు మెయిల్ వచ్చిందా, కేబుల్ తగిలించాక కోలుకుందా అన్నవి మూడూ చూడండి. మెయిల్ రాకపోతే అది వచ్చేదాకా పెళ్లి వీడియోలను పాత డిస్కుల్లోనే ఉండనివ్వండి.