టిప్పు మానిపించి జీతం పెంచాలనుకునే రెస్టారెంటు ఓనర్లకు

విజయవాడ బందరు రోడ్డులోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా, ఫ్యామిలీ రెస్టారెంటు సర్వరు బతుకు రెండు జేబుల మీద నడుస్తుంది: ఓనరు ఇచ్చే జీతం, సోంపు ప్లేటులో మిగిలే నోట్లు. రెండోది ఆపేసి మొదటిది పెంచుదామని ఎవరికైనా అనిపిస్తే మంచిదే. అయితే చాలామంది ముందు బోర్డు రాయించి, తర్వాత జీతం ఎంత పెంచాలా అని ఆలోచిస్తారు. అక్కడే దెబ్బతింటారు. రెండో నెల జీతాలు చేతికి రాగానే పాత సర్వర్లు పక్క వీధి హోటల్లో కనిపిస్తారు.

ఇది అందరికీ పనికొచ్చే పద్ధతి కాదు. టోకెన్ తీసుకుని నిలబడి తినే టిఫిన్ హోటళ్లలో టిప్పే ఉండదు, మార్చడానికేమీ లేదు. బార్ అండ్ రెస్టారెంటులో రాత్రిపూట వచ్చే టిప్పు పెద్దది. దాన్ని మెనూ ధరలో కలిపితే గిరాకీ ఎదురింటికి పోతుంది. యాభై అరవై సీట్లుండి, కుటుంబాలు వచ్చి కూర్చుని ఆర్డరిచ్చే చోట ఇది బాగా కుదురుతుంది.

చట్టం సంగతి ముందే తేల్చుకోవాలి. అమెరికాలో టిప్పు వచ్చే సర్వరుకు ఫెడరల్ చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లిస్తే చాలు, మిగతాది టిప్పుల్లోంచి పూడుతుంది. 1991 నుంచి అదే అంకె. అందుకే అక్కడ ఈ చర్చ అంత వేడిగా ఉంటుంది. మన దగ్గర అలాంటి తగ్గింపు జీతం లేదు. టిప్పులొస్తున్నాయి కదా అని కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడం కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో కనీస వేతనంలో కలిసే కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది, దాంతో ఆ గీతా జరుగుతుంది. మీ సర్వరు జీతం ఇప్పటికే ఆ గీత కింద ఉంటే ముందు దాన్ని సరిచేయండి. ఆ పెంపును టిప్పు బదులు ఇస్తున్నట్టు చూపించుకోవద్దు, అది ఎలాగూ ఇవ్వాల్సిన బాకీ.

ఇంకో దారి చాలామందికి తడుతుంది: బిల్లు చివర 5 శాతమో 10 శాతమో సర్వీస్ ఛార్జి వేసి సర్వర్లకు పంచడం. వద్దు. దాన్ని బిల్లులో దానంతటదే పడేలా చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. వేరే పేరుతోనూ వసూలు చేయకూడదంది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ‘సిబ్బంది సంక్షేమం’ అని పేరు మార్చినా సంగతి అదే. కస్టమరు 1915కి (వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే. జీతం పెంచే డబ్బు మెనూ ధరలోంచే రావాలి.

టిప్పు ఎంత వస్తోందో లెక్కపెట్టడం

అసలు పని ఇదే, తొందరపడకూడనిదీ ఇదే. నాలుగు వారాలు, మొత్తం 28 రోజులు లెక్కపెట్టాలి. దసరాకి ఇంద్రకీలాద్రి జనంతో ఊరు కిటకిటలాడే రోజులు, సంక్రాంతి వారం ఇందులో ఉండకూడదు. అప్పటి టిప్పులు చూసి జీతం కడితే ఏడాదంతా నష్టమే. కార్తీకంలోనూ లెక్కపెట్టొద్దు. నాన్‌వెజ్ రెస్టారెంటుకు ఆ నెల గిరాకీ పడిపోతుంది, లెక్క తక్కువగా తేలి సర్వరు నష్టపోతాడు. ఫిబ్రవరి, జూలై మామూలు నెలలు.

సర్వరును ‘నీకెంత వస్తోంది’ అని అడిగితే సరైన జవాబు రాదు. వచ్చిందంతా కలిపి పంచేస్తారేమోనని భయపడే సీనియరు తక్కువ చెబుతాడు. జీతం పెంచుతారని ముందే తెలిసిన కుర్రాడు ఎక్కువ చెబుతాడు. అందుకే చేతిలో కాగితం పెట్టాలి. సర్వర్ల పని చూసుకునే ఒక కెప్టెన్, సర్వర్లే ఎన్నుకున్న ఒక సర్వరు, ఈ ఇద్దరూ కలిసి పూటకో స్లిప్పు రాయాలి: టేబుల్ నంబరు, బిల్లు మొత్తం, ఫోల్డరులో మిగిలింది. మధ్యాహ్నం, రాత్రి విడివిడిగా. డబ్బు మాత్రం ఎవరిది వారే తీసుకుంటారు, రాసుకోవడం వరకే. సర్వరు సొంత ఫోన్‌పేకి వచ్చే టిప్పులుంటాయి. వాళ్ల ఫోన్లు చూడొద్దు. రోజు మొత్తం ఎంతో వాళ్లనే రాయమనండి.

సరిచూసుకోవడానికి ఒక చిట్కా ఉంది. నగదు బిల్లుల వరకు, కౌంటరులో చిల్లర ఇచ్చిన మొత్తం, కస్టమరు తీసుకెళ్లిన మొత్తం పోల్చండి. రెండు మూడు రోజులు ఇలా చూస్తే స్లిప్పులు నిజమో కాదో తేలిపోతుంది. ఈ నాలుగు వారాల్లో క్యాషియరు చిల్లర ఇచ్చే తీరు మార్చకూడదు. వంద నోటు బదులు పది రూపాయల నోట్లు పెడితే టిప్పు పెరుగుతుందని ఏ క్యాషియరుకైనా తెలుసు.

చేతికొచ్చే డబ్బు లెక్క

ఉదాహరణకు ఇలా అనుకుందాం. రోజుకు 120 టేబుళ్లు, సగటు బిల్లు రూ.700, అంటే నెలకు లోపల తినేవాళ్ల అమ్మకం రూ.25,20,000. టిప్పులు రోజుకు 1,500, నెలకు 45,000. అందులో ఎనిమిదిమంది సర్వర్లకు 36,000, ఇద్దరు కెప్టెన్లకు 6,000, నలుగురు క్లీనర్లకు 3,000 చేరుతోంది. వంటవాళ్లతో కలిపి 20 మంది దాటారు కాబట్టి పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) రెండూ ఉన్నాయి. అంకెలు మీవి వేసుకోండి, పద్ధతి ఇదే.

సర్వరు జీతం 13,000 అయితే పీఎఫ్ 1,560, ఈఎస్‌ఐ 98 పోను 11,342 చేతికొస్తుంది. టిప్పు సగటున 4,500 కలిపితే 15,842. ఓనరు 13,000కు 4,500 కలిపి 17,500 చేసి, న్యాయం చేశాననుకుంటాడు. కానీ ఇప్పుడు పీఎఫ్ కోత 15,000 పరిమితి మీద 1,800 అవుతుంది, ఈఎస్‌ఐ 132. జీతం 15,000 దాటింది కాబట్టి వృత్తి పన్ను 150 కొత్తగా పడుతుంది. చేతికొచ్చేది 15,418. నెలకు 424 తగ్గింది. టిప్పుకు కోత లేదు, జీతానికి ఉంది. పీఎఫ్‌లో పడేది అతని డబ్బేనని ఎంత చెప్పినా, ఒకటో తారీఖున ఇంటికి పంపేది తగ్గితే ఆ మాట చెవికెక్కదు. 18,000 చేస్తే కోతలన్నీ పోను 15,915 వస్తుంది. అది సరైన అంకె.

అయితే అందరికీ 18,000 ఇస్తే మరో గొడవ. ఏసీ పక్కన ఫ్యామిలీ టేబుళ్లు చూసే సీనియరుకు టిప్పు 6,500 వస్తుంటే, మెట్ల దగ్గర చేసే కొత్త కుర్రాడికి 2,500 దాటదు. సగటు ఇస్తే సీనియరు వెళ్లిపోతాడు. వాడితో పాటు రెగ్యులర్ కస్టమర్ల అలవాట్లూ వెళ్లిపోతాయి. మూడు గ్రేడులు పెట్టండి: ఇద్దరికి 20,000, నలుగురికి 18,000, ఇద్దరికి 16,000. ఎవరికీ పాతదానికంటే తగ్గదు. 20,000 దగ్గర ఆపడానికీ కారణముంది. అది దాటితే వృత్తి పన్ను 200 అవుతుంది.

కెప్టెన్ దగ్గర ఇంకో గీత కాచుకుని ఉంటుంది. 18,000 జీతం, 3,000 టిప్పు ఉన్న కెప్టెన్‌కు ఇప్పుడు చేతికొచ్చేది 18,915. ఈఎస్‌ఐ కోత కూడా పోను అది నిలవాలంటే జీతం 21,073 కావాలి. కానీ 21,000 దాటితే ఈఎస్‌ఐ పరిధిలోంచి బయటికొస్తాడు. గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రిలో భార్యాపిల్లలకు ఉచితంగా దొరికే వైద్యం 73 రూపాయల కోసం పోగొట్టుకోవడం తెలివి కాదు. 21,000 దగ్గరే ఆపి, ఎందుకు ఆపారో అతనికి కాగితం మీద చూపించండి. అర్థం చేసుకోని కెప్టెన్ ఉండడు.

క్లీనరుకు 750 చేతికి రావాలంటే జీతం 860 పెంచాలి. వీళ్లను చాలాచోట్ల మరిచిపోతారు. టేబుల్ తుడిచే మనిషి మనసు చెడితే సర్వరెంత నవ్వినా లాభం లేదు.

ఇక ఓనరు మీద పడే భారం. పీఎఫ్‌లో యజమాని వాటా ఇతర ఛార్జీలతో కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం. ఇవన్నీ వేస్తే సర్వర్లకు 43,376, కెప్టెన్లకు 6,196, క్లీనర్లకు సుమారు 4,000 అదనం. మొత్తం దాదాపు 53,600. కస్టమర్లు ఇచ్చిన 45,000కు బదులు మీకు 53,600 ఖర్చు. పెంపును ‘స్పెషల్ అలవెన్సు’ అని రాస్తే పీఎఫ్ తప్పుతుందని కొందరు అకౌంటెంట్లు సలహా ఇస్తారు. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు పీఎఫ్ లెక్కలోకే వస్తాయని 2019 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ధర ఎక్కడ పెంచాలి

53,600 అంటే లోపలి అమ్మకంలో 2.13 శాతం. అన్నింటి మీదా రెండేసి శాతం వేస్తే మెనూ కార్డు 143, 214 లాంటి అంకెలతో నిండిపోతుంది. పైగా మీల్స్, చికెన్ బిర్యానీ, బటర్ నాన్, నీళ్ల సీసా ధరలు మన జనానికి కంఠోపాఠం. వాటిని కదపొద్దు. అమ్మకంలో 40 శాతం ఇవే అనుకుంటే, మిగతా 60 శాతం మీద 3.6 శాతం పెంచాలి. రూ.280 స్టార్టరు 290, రూ.420 రొయ్యల వేపుడు 435 అవుతాయి. ఎవరూ కార్డు కింద పెట్టి లేచిపోరు. రూ.700 బిల్లుకు సగటున 15 రూపాయలు పెరుగుతుంది, దాని మీద 5 శాతం జీఎస్టీ మరో 75 పైసలు. కస్టమరు వదిలేసే పది ఇరవైకి అది సమానమే.

పార్సిల్ ధరలు పెంచకండి. పార్సిల్ తీసుకెళ్లేవాళ్లు టిప్పు ఇవ్వరు, ఆ భారం వాళ్ల మీద వేయడం అన్యాయం. స్విగ్గీ, జొమాటోల్లో పెంచినా అంతే. పెంచినదాంట్లో కమీషన్ పోతుంది, పక్క రెస్టారెంటు అదే తెరమీద తక్కువ ధరతో కనిపిస్తుంది.

రోజువారీ చేతి డబ్బు

లెక్కలన్నీ సరిగ్గా కట్టినవాళ్లు కూడా ఇక్కడ తప్పుతారు. టిప్పు రోజూ వస్తుంది, జీతం నెలకోసారి. టీ, ఫోన్ రీఛార్జి, ఊరెళ్లే బస్సు ఛార్జి, అన్నీ టిప్పులోంచే నడుస్తాయి. టిప్పు ఆగిన మొదటి వారమే సర్వర్లు కౌంటరు దగ్గర అడ్వాన్సుకు నిలబడతారు. నెల తిరిగేసరికి జీతం సగమే మిగులుతుంది, ‘పెంచామన్నారు, ఏదీ’ అంటారు. అందుకే ప్రతి సోమవారం రూ.1,000 వాళ్ల ఖాతాలో వేసి, రిజిస్టరులో రాసి, నెలాఖరున జీతంలో సర్దండి. పాత అడ్వాన్సులు ఇరవై ముప్పై వేలు బాకీ ఉన్నవాళ్ల దగ్గర, మొదటి మూడు నెలలు కోత పెంచొద్దు.

పిలిచి చెప్పడం ఒక్కసారే, అందరికీ కలిపి, పాత స్లిప్పులు ముందు పెట్టి చెప్పాలి. తర్వాత ఒక్కొక్కరికీ కాగితం: పాతది ఇంత, కొత్తది ఇంత, కోతలు ఇంత. ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లుంటే హిందీలో చెప్పే మనిషి పక్కనుండాలి.

బోర్డు, ఆ తర్వాత

బోర్డులో ఉపన్యాసం అక్కర్లేదు. ‘మా సిబ్బందికి పూర్తి జీతం ఇస్తున్నాం. టిప్పు ఇవ్వనవసరం లేదండి’ అని కౌంటరు దగ్గర ఒకటి, బిల్లు ఫోల్డరు లోపల ఒకటి. ‘టిప్పు నిషేధం’ అని రాస్తే కస్టమరుకు చివుక్కుమంటుంది. వద్దన్నా పెట్టేవాళ్లుంటారు, ముఖ్యంగా పెద్దవాళ్లు. ‘పిల్లాడికి ఉంచమ్మా’ అంటారు. సర్వరు ఒకసారి వద్దండీ అనాలి. అయినా పెడితే కౌంటరు డబ్బాలో వేయాలి. దాన్ని నెలకోసారి వంటింటితో సహా అందరికీ సమానంగా పంచి ఇద్దరితో సంతకం పెట్టించండి. పగిలిన ప్లేట్ల ఖర్చు ఆ డబ్బాలోంచి తీశారో, మరుసటి రోజు నుంచి డబ్బా ఖాళీయే.

న్యూయార్క్‌లో డానీ మేయర్ అనే పేరున్న రెస్టారెంటు యజమాని 2015లో ఇదే పని మొదలుపెట్టాడు. టిప్పు తీసేసి ధరలు పెంచాడు. 2020లో మళ్లీ టిప్పులకే వచ్చేశాడు. ఈలోపు పాత సర్వర్లలో చాలామంది సంపాదన తగ్గి వెళ్లిపోయారు. పక్కవాళ్ల మెనూ ధర టిప్పు లేకుండా ఉంటుంది కాబట్టి వీళ్లది ఖరీదుగా కనిపించింది. మన దగ్గర టిప్పు బిల్లులో రెండు శాతం దగ్గర తిరుగుతుంది, అక్కడ 15, 20 శాతం. కాబట్టి ధర గొడవ మనకు చిన్నది. సర్వర్లు వెళ్లిపోయే గొడవ మాత్రం ఒక్కటే.

మూడు నెలలు నడిపి చూడండి. ఆ మూడు నెలల ఒప్పందం రాతలో ఉండాలి, ఎందుకంటే ఒకసారి పెంచిన జీతం తగ్గించడం దాదాపు అసాధ్యం. చూడాల్సినవి మూడు: ఎంతమంది మానేశారు, టేబుల్ దగ్గర ఆర్డరు తీసుకోవడానికి ఎంతసేపు పడుతోంది, స్టార్టర్ల అమ్మకం తగ్గిందా. ఆర్డరు ఆలస్యమవుతుంటే గ్రేడు చూడండి, మనిషిని తిట్టొద్దు. బాగా చేసే కుర్రాడు 16,000లో ఇరుక్కుపోయి ఉంటాడు. ఆరునెలలకోసారి గ్రేడు మార్చే తేదీ ముందే గోడ మీద రాసి ఉంచితే, టిప్పు చేసిన పని అది చేస్తుంది.

డబ్బు సరిపోక, జీతం సగమే పెంచి టిప్పు మాత్రం పూర్తిగా మానిపించాలని ఎవరికైనా అనిపిస్తే, అసలు మొదలుపెట్టకుండా ఉండటమే మేలు. అప్పుడు ఫోల్డరులో పెట్టాల్సిన నోటు నేరుగా సర్వరు ఫోన్‌పేకి వెళ్తుంది. పెంచిన జీతం మీరిస్తూనే ఉంటారు, లెక్క మాత్రం మీకు కనిపించదు.