సీజన్ మొదటి గేమ్ చూసి కాలేజీ ఫుట్‌బాల్ జట్టును అంచనా వేయడం ఎలా?

2016 సెప్టెంబర్ 4, ఆదివారం రాత్రి. డాలస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ హాల్లో ఏడుగురం తెలుగు కుర్రాళ్లం టీవీ ముందు కూర్చున్నాం. ఆస్టిన్‌లో టెక్సస్, నోటర్ డామ్ యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లకి సీజన్ మొదటి గేమ్. రెండు ఓవర్‌టైముల తర్వాత టెక్సస్ 50-47తో గెలిచింది. కామెంటేటర్ ‘టెక్సస్ ఈజ్ బ్యాక్’ అని అరిచాడు. మేమూ అరిచాం. కింది ఫ్లాట్ వాళ్లు వచ్చి తలుపు కొట్టారు. ముందు ఏడాది ఇదే నోటర్ డామ్ చేతిలో 38-3తో చిత్తయిన జట్టు మరి! అర్ధరాత్రి దాటాక, సీజన్ చివర జాతీయ చాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్ గేముకి టికెట్లు ఎంత ఉంటాయో కూడా లెక్కలు వేశాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సీజన్లో టెక్సస్ ఆడినవి 12, గెలిచినవి 5. కోచ్ చార్లీ స్ట్రాంగ్ ఉద్యోగం పోయింది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, కానీ ఎసరు పెట్టిన రెండో నిమిషంలో ఎవరూ మెతుకు పట్టి చూడరు. మొదటి గేమ్ అంటే ఆ రెండో నిమిషమే. అందులోంచి ఏమీ తెలియదని కాదు. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలానే తెలుస్తుంది. స్కోరు బోర్డు మాత్రం ఆఖర్న చూడాలి.

అమెరికాలో పిల్లలు చదువుకుంటున్న కాలేజీ జట్టు ఆటను కొత్తగా చూస్తున్న అమ్మానాన్నలకీ, క్యాంపస్‌లో అడుగుపెట్టిన మొదటి శనివారమే స్టేడియంకి వెళ్లి ఏం జరుగుతోందో అర్థంకాక చప్పట్లు కొట్టే మన విద్యార్థులకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఆట మూలసూత్రం ఒక్కటి గుర్తుంటే చాలు: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి.

గేమ్ ముందు రోజు: ఒక కాగితం, మూడు ప్రశ్నలు

శుక్రవారం రాత్రే ఒక కాగితం తీసుకుని, మీ జట్టు గురించి మీకు నిజంగా తెలియని మూడు విషయాలు రాయండి. ‘గెలుస్తామా?’ అనేది ప్రశ్న కాదు. ‘కొత్త క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపిస్తూ బంతి విసిరేవాడు) ఒత్తిడిలో బంతిని తొందరపడి విసురుతాడా?’ అనేది ప్రశ్న. ‘పోయిన ఏడాది ఎదుటివాళ్లు బంతితో పరిగెత్తితే ఆపలేకపోయిన డిఫెన్సు ఇప్పుడు ఆపుతుందా?’ అనేదీ ప్రశ్నే. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి ఆటగాళ్లు మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక (2018లో మొదలైంది, 2021 నుంచి మొదటిసారి మారేవాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు) జట్టులో సగం మొహాలు కొత్తవి కావచ్చు. కాబట్టి పోయిన ఏడాది రికార్డు మీద మరీ ఎక్కువ ఆనుకోకండి.

అదే కాగితం మీద ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారో, లేక ఓడతారో మీ అంచనా రాయండి. పక్కనే పాయింట్ స్ప్రెడ్ (పందెం మార్కెట్ అంచనా వేసే పాయింట్ల తేడా) కూడా రాసుకోండి. పందెం కట్టమని కాదు. డబ్బు పెట్టేవాళ్ల అంచనా అభిమానుల అంచనా కంటే చల్లగా ఉంటుంది, అంతే. ఇదంతా ఎందుకంటే, గేమ్ అయ్యాక మనలో ప్రతివాడూ ‘నేను ముందే చెప్పాను’ అంటాడు. కాగితం మాట మార్చదు.

ఎదుటివాళ్లు ఎవరో చూడండి

చాలా పెద్ద జట్లు మొదటి గేముకి డబ్బిచ్చి మరీ చిన్న జట్టును పిలిపించుకుంటాయి. కింది శ్రేణి, అంటే ఎఫ్‌సీఎస్ జట్టు అయితే తేడా కాగితం మీదే కనిపిస్తుంది. 2024 సీజన్ దాకా ఉన్న నియమాల ప్రకారం పై శ్రేణి జట్టు 85 స్కాలర్‌షిప్పులు ఇవ్వొచ్చు, కింది శ్రేణి జట్టు 63 మాత్రమే. ఇలాంటి గేమ్ 56-3తో గెలిస్తే దాన్నుంచి తెలిసేది తక్కువ. మూడో క్వార్టర్ నుంచి ఆడేది రెండో వరస, మూడో వరస కుర్రాళ్లు. పైగా వచ్చే వారం గట్టి ప్రత్యర్థి ఉంటే కోచ్ తన అసలు ఎత్తులేవీ బయటపెట్టడు.

అలాగని పేరు చూసి చిన్న జట్టు అనుకోకూడదు. 2007 సెప్టెంబర్ 1న దేశంలో అయిదో ర్యాంకులో ఉన్న మిషిగన్, ఆన్ ఆర్బర్‌లో సొంత జనం ముందు అపలాచియన్ స్టేట్ చేతిలో 34-32తో ఓడిపోయింది. ఆఖరి క్షణాల్లో మిషిగన్ కొట్టిన ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కోసం కొట్టే కిక్) బ్లాక్ అయింది. అందరూ ఎవరో అనామకుల చేతిలో ఓడారన్నారు. ఆ అనామకులు అంతకుముందు రెండేళ్లూ తమ శ్రేణిలో జాతీయ చాంపియన్లు! ప్రత్యర్థి పోయిన సీజన్ ఎలా ఆడిందో పది నిమిషాలు చదివితే ఇలాంటివి ముందే తెలుస్తాయి.

గేమ్ నడుస్తుండగా: బంతి మీద నుంచి కళ్లు తీయండి

ఇది అన్నిటికంటే కష్టమైన పని, అన్నిటికంటే పనికొచ్చేదీ ఇదే. నేను మొదటిసారి స్టేడియంకి వెళ్లినప్పుడు పక్క సీట్లో డెబ్భై ఏళ్ల పెద్దాయన ఉన్నారు. బంతి గాల్లోకి లేచిన ప్రతిసారీ నేను కుర్చీలోంచి లేస్తున్నాను. ఆయన మాత్రం కదలకుండా మైదానం మధ్యలోకే చూస్తున్నారు. రెండో క్వార్టర్‌కి నా మీద జాలేసినట్టుంది. ‘బంతిని అందరూ చూస్తారు, నువ్వు ఆ అయిదుగురు లావుపాటి వాళ్లను చూడు’ అన్నారు.

ఆ అయిదుగురే అఫెన్సివ్ లైన్. క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డుగోడ, పరిగెత్తేవాడికి దారి తీసేవాళ్లు. బంతి కదిలాక మొదటి రెండు సెకన్లు వాళ్లనే చూడండి. వాళ్లు ముందుకు వెళ్తున్నారా, వెనక్కి జరుగుతున్నారా? పరిగెత్తేవాడు బంతి అందుకున్న చోటే దొరికిపోతున్నాడా, మూడు గజాలు వెళ్లాక మొదటి దెబ్బ తగులుతోందా? క్వార్టర్‌బ్యాక్ విసిరేలోపు ఎవరైనా అతని మీద పడుతున్నారా? ఇంటర్‌సెప్షన్ అయ్యాక, అంటే విసిరిన బంతి ఎదుటివాళ్ల చేతికి చిక్కాక, స్టేడియం మొత్తం క్వార్టర్‌బ్యాక్‌ని తిడుతుంది. చాలాసార్లు ఆ తప్పు మొదలైంది చివర నిలబడ్డ లైన్‌మన్ కాళ్ల దగ్గర. ఒక్క అడుగు ఆలస్యమైంది, ఎదుటివాడు లోపలికి వచ్చాడు, చేయి తగిలింది, బంతి దారి తప్పింది.

ఇప్పుడు అటువైపు చూడండి. మీ డిఫెన్సు ముందు వరసలోని నలుగురే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని పరిగెత్తిస్తున్నారా, లేక ప్రతిసారీ వెనక నుంచి ఇంకో ఇద్దరిని పంపాల్సి వస్తోందా? నలుగురితో పని అయిపోతే మిగతా ఏడుగురూ పాస్ (విసిరిన బంతి) ఆపడానికి మిగులుతారు. అది పై స్థాయి జట్టు లక్షణం. ఆరుగుర్ని పంపి గెలిస్తే మొదటి గేములో చప్పట్లు పడతాయి. నవంబర్‌లో మంచి క్వార్టర్‌బ్యాక్ ఎదురైతే ఆ ఖాళీల్లోంచే కొడతాడు.

తప్పుల్ని కూడా వేరు చేసి చూడాలి. మైదానంలో పన్నెండో మనిషి మిగిలిపోవడం, టైమ్ అయిపోయి పెనాల్టీ పడటం, మూడో క్వార్టర్‌లోనే టైమ్‌అవుట్లు తగలబెట్టేయడం లాంటివి కోచ్‌ల బల్ల దగ్గర తప్పులు. మొదటి గేములో ఇవి మామూలే, రెండో వారానికి చాలావరకు సర్దుకుంటాయి. సొంత స్టేడియంలో లైన్‌మన్ ముందే కదిలి పెనాల్టీ తెస్తే మాత్రం నాకు చిరాకు. సొంత జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు జనం నిశ్శబ్దంగా ఉంటారు కదా, వినపడలేదనే సాకు ఎక్కడిది? ఇక బలంలోనే తేలిపోవడం, అంటే ఎదుటివాడు తోస్తే వెనక్కి వెళ్లిపోవడం, వారంలో బాగయ్యే జబ్బు కాదు.

మర్నాడు పొద్దున: లెక్కలు

అదే రాత్రి తీర్పు చెప్పకండి. నిద్రపోయి లేచాక బాక్స్ స్కోరు (గేమ్ గణాంకాల పట్టిక) తెరవండి.

ముందు మొత్తం గజాలు పక్కనపెట్టి ఒక్కో ప్రయత్నం విలువ చూడండి. గణాంకాలవాళ్లు వాడే ‘సక్సెస్ రేట్’ చాలా సులువు. మొదటి ప్రయత్నంలో కావలసిన గజాల్లో సగం, రెండోదాంట్లో మిగిలినదాంట్లో 70 శాతం, మూడు నాలుగు ప్రయత్నాల్లో మొత్తం వస్తే ఆ ప్రయత్నం సఫలమైనట్టు. మొదటి ప్రయత్నంలో పదికి అయిదు గజాలు వస్తే సఫలం, నాలుగు వస్తే విఫలం. ఒకే ఒక 80 గజాల టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) వల్ల సగటు అందంగా కనిపించే జట్టు ఈ లెక్కలో దొరికిపోతుంది. గేమ్ ఎలాగూ తేలిపోయాక నాలుగో క్వార్టర్‌లో జరిగినవి లెక్కలోంచి తీసేయండి.

పరుగు లెక్కలో ఒక మెలిక ఉంది. కాలేజీ ఆటలో క్వార్టర్‌బ్యాక్ శాక్ అయితే (బంతి విసరకముందే వెనక పట్టుబడితే) పోయిన గజాలను పరుగు ఖాతాలో రాస్తారు. ప్రొఫెషనల్ ఆటలో అలా రాయరు. ఉదాహరణకి మీ పరుగు ఆటగాళ్లు 20 సార్లు పరిగెత్తి 100 గజాలు తెచ్చారనుకోండి. క్వార్టర్‌బ్యాక్ నాలుగుసార్లు పట్టుబడి 30 గజాలు పోగొట్టాడు. బాక్స్ స్కోరులో కనిపించేది 24 పరుగులు, 70 గజాలు, సగటు మూడు కంటే తక్కువ. నిజానికి పరుగు సగటు అయిదు, దెబ్బతిన్నది పాస్ రక్షణ. మందు ఒకచోట, నొప్పి ఇంకోచోట అంటే ఇదే.

తర్వాత బంతి జారిపోయిన లెక్క. ఫంబుల్ అయ్యాక బంతి ఎవరి చేతికి చిక్కుతుందన్నది దాదాపు టాస్ వేసినట్టే. మీవాళ్లు నాలుగుసార్లు జారవిడిచి నాలుగూ తిరిగి పట్టుకుంటే బాక్స్ స్కోరులో నష్టం సున్నా. కానీ మీరు రాసుకోవాల్సింది నాలుగు. క్రికెట్‌లో మూడు క్యాచ్‌లు డ్రాప్ అయిన సెంచరీ స్కోరుకార్డులో సెంచరీగానే ఉంటుంది, చూసినవాడికే అసలు సంగతి తెలుసు.

ఆఖరుగా ఎదుటివాళ్ల వైపు 20 గజాల గీత లోపలికి ఎన్నిసార్లు వెళ్లారు, అందులో టచ్‌డౌన్లు ఎన్ని, ఫీల్డ్ గోల్స్ ఎన్ని అని చూడండి. అయిదుసార్లు వెళ్లి నాలుగుసార్లు మూడేసి పాయింట్లతో వస్తే, గెలిచినా సరే, గుర్తు పెట్టుకోవాల్సిన విషయం.

తీర్పుకి గడువు తేదీ రాయండి

శుక్రవారం నాటి మూడు ప్రశ్నలకు ఇప్పుడు జవాబులు రాయండి. ఒక్కొక్కదాని పక్కన ఇది మళ్లీ జరుగుతుందా, సర్దుకుంటుందా, లేక అదృష్టమా అని ఒక ముక్క రాయండి. కాగితం ఫ్రిజ్ మీద అంటించి నాలుగు గేముల తర్వాత తీయండి. అప్పటికి మీ ప్రత్యర్థి ఎంతవాడో కూడా బయటపడుతుంది.

ఈ నాలుగు వారాల ఓపిక ఎందుకో కొన్ని సీజన్లు చెబుతాయి. 2010లో వర్జీనియా టెక్ మొదటి గేములో బాయిజీ స్టేట్ చేతిలో ఓడింది, అయిదు రోజులకే సొంత ఊళ్లో ఎఫ్‌సీఎస్ జట్టు జేమ్స్ మాడిసన్ చేతిలోనూ ఓడింది. ఆ తర్వాత వరుసగా 11 గెలిచి తన లీగు ఏసీసీలో చాంపియన్ అయింది. 2014లో ఒహాయో స్టేట్ సొంత స్టేడియంలో ఆడిన మొదటి గేములోనే ఓడి, చివరికి జాతీయ చాంపియన్ అయింది. తిరగేసి చూస్తే 2023లో డియాన్ శాండర్స్ కోచింగ్‌లో కొలరాడో, ముందు ఏడాది జాతీయ ఫైనల్ ఆడిన టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీని (టీసీయూ) వాళ్ల గడ్డ మీదే 45-42తో ఓడించింది. దేశమంతా వాళ్ల పేరే. సీజన్ ముగిసేసరికి కొలరాడో 4-8 (నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు), టీసీయూ 5-7. ఆ రోజు అందరూ అనుకున్నంత పెద్ద జట్టును వాళ్లు ఓడించలేదన్నమాట.

మా 2016 కథ కూడా అంతే. మేం ఊగిపోయిన ఆ రాత్రి ఓడిన నోటర్ డామ్ ఆ ఏడాది 4-8తో ముగించింది. అది సెప్టెంబర్‌లో తెలిసే వీలు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఓవర్‌టైములు కలుపుకుని 47 పాయింట్లు ఇచ్చామన్నది తెలుసు. మేం ఆ స్కోరులో 50ని మాత్రమే చూశాం. ఆ తర్వాత టెక్సస్ డిఫెన్సు మీద కాలిఫోర్నియా 50, ఒక్లహోమా స్టేట్ 49, ఒక్లహోమా 45 కొట్టాయి.

ఇంకోటి కూడా ఉంది. మొదటి గేమ్ నాలుగో క్వార్టర్‌లో టచ్‌డౌన్ తర్వాత టెక్సస్ కొట్టిన ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌ని నోటర్ డామ్ బ్లాక్ చేసి, బంతిని అటు చివరిదాకా పరిగెత్తించి రెండు పాయింట్లు తీసుకుంది. స్కోరు సమమై ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది అందువల్లే. నెల తిరక్కుండా ఒక్లహోమా స్టేట్ ఒకే గేములో టెక్సస్ ఎక్స్‌ట్రా పాయింట్లు మూడు బ్లాక్ చేసింది. ఆ ఆదివారం రాత్రి తెల్లవారుజాము దాకా మేం ఏడుగురం క్వార్టర్‌బ్యాక్ గురించీ, టికెట్ల గురించీ మాట్లాడుకున్నాం. ఆ కిక్ సంగతి ఒక్కరమూ ఎత్తలేదు.