వ్యాయామంలో కడుపు తిప్పుతోందా? ఎప్పుడు తిప్పుతోందో చూడండి

తెల్లవారుజామున చెన్నై మెరీనా ఇసుకలో పరుగెత్తేవారిలోనూ, జిమ్‌లో బరువులెత్తేవారిలోనూ చాలామంది ఏదో ఒక రోజు మోకాళ్ల మీద చేతులు ఆన్చి, నోట్లో నీళ్లూరుతుండగా వాంతి ఆపుకుంటూ నిలబడినవారే. అది చేతగానితనం కాదు, బాగా కష్టపడ్డామనడానికి గుర్తు అంతకన్నా కాదు. శ్రమ తీవ్రమైనకొద్దీ రక్తం కండరాలకూ చర్మానికీ మళ్లి, కడుపుకూ పేగులకూ అందేది మామూలులో ఐదో వంతుకు కూడా పడిపోగలదు. వికారం ఏ వేళకు వచ్చిందో గమనిస్తే, మిగిలిన కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

మొదలుపెట్టిన కాసేపటికే, పుల్లని తేన్పులతో వస్తే

తిన్నది ఇంకా కడుపులోనే ఉందని అర్థం. నెయ్యి కారే పొంగలి, వడ తిని గంటలోపు పరుగు మొదలుపెడితే ఇలాగే అవుతుంది, ఎందుకంటే కొవ్వు ఉన్న ఆహారం కడుపును ఆలస్యంగా వదులుతుంది. పూర్తి భోజనానికి మూడు గంటల ఎడం ఇవ్వాలి. అంత వ్యవధి లేకపోతే ఒక అరటిపండు చాలు.

పరగడుపున చేస్తూ వణుకు, చెమట, ఆకలితో పాటు వికారం వస్తే రక్తంలో చక్కెర తగ్గి ఉండవచ్చు. ఇన్సులిన్ వాడే మధుమేహ రోగులు వెంటనే ఆపి పరీక్షించుకోవాలి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి.

ఆపిన మరుక్షణంలో వస్తే

బెసెంట్ నగర్ తీరంలో, ష్మిట్ స్మారకం దగ్గర, మా పిన్ని కొడుకు వరుసగా పరుగులు తీసి ఒక్కసారిగా ఇసుకలో కూలబడ్డాడు. పెదవులు పాలిపోయాయి, పై పెదవి మీద చల్లని చెమట నిలిచింది, "అన్నా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి" అన్నాడు. పరుగులో పిక్కల కండరాలు బిగిసి వదులుతూ కాళ్లలోని రక్తాన్ని గుండెకు తోస్తుంటాయి. ఠక్కున ఆగితే ఆ తోపుడు ఆగి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, రక్తపోటు పడిపోతుంది, తల తిరుగుతుంది, కడుపు తిప్పుతుంది. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు నా ఒళ్లో ఎత్తి పెట్టుకుని కూర్చుంటే, కొద్ది నిమిషాల్లో ముఖంలోకి రంగు వచ్చింది. ఇది రాకుండా ఉండాలంటే చివర్లో ఐదు నుంచి పది నిమిషాలు నెమ్మదిగా నడవాలి. బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టేవారికి కూడా ఇలాగే జరుగుతుంది కాబట్టి, బరువు పైకి నెట్టేటప్పుడు శ్వాస వదలడం అలవాటు చేసుకోవాలి.

ఉక్కలో, సగం దాటాక వస్తే

చెన్నైలో మనల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. గాలిలో తేమ నిండి ఉండటంతో చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ముందూ తర్వాతా బరువు చూసుకోండి: రెండు శాతానికి మించి తగ్గితే నీళ్లు చాలలేదు. ఒక లీటరుకు ఉద్దేశించిన ఓఆర్ఎస్ పొట్లాన్ని సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగాలి. ఉప్పు వేసిన పల్చని మజ్జిగ కూడా మంచిదే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ కాబట్టి అవి ఒక్కటే చాలవు.

అయితే బరువు పెరిగి, వేళ్లు ఉబ్బి, తలనొప్పితో వాంతి వస్తుంటే అది నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పలచబడటం కావచ్చు. అప్పుడు మరిన్ని నీళ్లు పట్టించడం ప్రమాదం, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మాట తడబడి, మనిషి అయోమయంగా ఉండి ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోపే చల్లని నీళ్లతో ఒళ్లంతా తడుపుతూ గాలి విసరాలి.

ఇవేవీ కాకపోతే

ఒళ్లు నొప్పులకని పరుగుకు ముందు ఐబుప్రోఫెన్ వేసుకునే అలవాటుంటే మానేయండి, అది పేగుల పొరను మరింత దెబ్బతీస్తుంది.

ఛాతీలో బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లని చెమటతో వికారం వస్తే గుండెపోటు అనుమానించి ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మధుమేహం ఉన్నవారిలోనూ, స్త్రీలలోనూ నొప్పి లేకుండా వికారం, ఆయాసం మాత్రమే కనిపించవచ్చు. కొత్తగా కఠిన వ్యాయామం చేసిన ఒకటి రెండు రోజుల్లో కండరాలు విపరీతంగా నొప్పెట్టి, మూత్రం ముదురు టీ రంగులోకి మారితే, కండరాలు చితికి వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలపై పడుతోందని అనుమానించాలి. అదే రోజు వైద్యునికి చూపించి, ఏ వ్యాయామం ఎంతసేపు చేశారో చెప్పి, కండరాల దెబ్బను చూపే సీకే, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ రక్తపరీక్షలు చేయించుకోవాలి.