పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసే ముందు: ‘డీ డ్రైవ్‌లో ఉందిలే’ అనుకోకండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు చాలా ఇళ్లలో మూలన పడి ఉన్నాయి. వాటిలో లినక్స్ (విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల సిస్టమ్) వేసుకోవచ్చా అని అడిగేవాళ్లు నాకు తరచుగా తగులుతున్నారు. తప్పకుండా వేసుకోవచ్చు. పదేళ్ల నాటి సిస్టమ్ కూడా ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తుంది.

అయితే ఈమధ్య ఒక రిటైర్డ్ మాస్టారి ల్యాప్‌టాప్ నా దగ్గరికి వచ్చింది. తెలిసిన కుర్రాడు ఒకతను సాయం చేద్దామని పెన్‌డ్రైవ్‌తో లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) వేసి ఇచ్చాడు. సిస్టమ్ బాగానే నడుస్తోంది. మాస్టారు అడిగింది ఒక్కటే: “డీ డ్రైవ్ కనపడటం లేదేంటి బాబూ?” అమ్మాయి పెళ్లి ఫొటోలు, పోయిన భార్య మాట్లాడిన వీడియోలు, పెన్షన్ కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే ఉండేవి. ఇప్పుడు లేవు. ఆ కుర్రాడు నిర్లక్ష్యంగా ఏమీ చేయలేదు. డీ డ్రైవ్‌లో ఉన్నవాటికి ఏం కాదని అతనూ, ఆయనా ఇద్దరూ నమ్మారు.

నేను చూసినంతలో ఎక్కువమందిని ముంచింది ఈ నమ్మకమే. పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ (దాంతోనే కంప్యూటర్ మొదలయ్యేలా) ఎలా చేయాలి, ఏ కీ నొక్కితే బూట్ మెనూ వస్తుంది అని చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి, వాటి జోలికి నేను వెళ్లను.

డీ డ్రైవ్ వేరే డిస్క్ కాదు

ఈ నమ్మకం ఊరికే రాలేదు. సిస్టమ్‌కి వైరస్ పట్టినా, నెమ్మదించినా షాపులో ‘ఫార్మాట్ కొట్టి’ ఇచ్చేవారు. ఆ ఫార్మాట్ సీ డ్రైవ్‌కి మాత్రమే. “ముఖ్యమైనవి డీలో పెట్టుకోండి, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా పోవు” అని ఏళ్ల తరబడి అందరికీ చెప్పారు. విండోస్ మీద మళ్లీ విండోస్ వేసుకున్నంత కాలం ఆ సలహా పనిచేసింది.

లినక్స్ ఇన్‌స్టాలర్‌కి సీ, డీ అన్న పేర్లే తెలియవు. అది చూసేది మొత్తం డిస్క్‌ని. మీ ల్యాప్‌టాప్‌లో సాధారణంగా ఉండేది ఒకే హార్డ్ డిస్క్. సీ, డీ, ఈ అన్నీ ఆ ఒక్క ఇంట్లో గోడలు కట్టి చేసిన గదులు. ఇన్‌స్టాలర్‌లో ‘ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ లినక్స్ మింట్’ అన్నది ఎంచుకుంటే అది గది ఖాళీ చేయదు, ఇల్లే కూల్చి కొత్తగా కడుతుంది. ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్‌లోనూ అంతే. పైగా మీ డిస్క్‌లో విండోస్ ఉన్నట్టు ఇన్‌స్టాలర్ గుర్తుపట్టకపోతే ఈ ఆప్షన్‌నే తనే ముందుగా ఎంచి పెడుతుంది. మీరు ఏమీ మార్చకుండా ముందుకు వెళ్తే చాలు, డీ డ్రైవ్ పోయినట్టే.

‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కిన తర్వాత ఒక చిన్న పెట్టె వస్తుంది. ఏ డిస్క్ మీద ఏం మారబోతోందో అందులో ఉంటుంది. వెనక్కి తగ్గడానికి అదే ఆఖరి అవకాశం. దాన్ని చదవకుండా ‘కంటిన్యూ’ కొట్టేవాళ్లే ఎక్కువ. ఆగి చదవండి. అర్థం కాకపోతే ‘గో బ్యాక్’ నొక్కి సిస్టమ్ ఆపేయండి. అప్పటిదాకా డిస్క్‌లో ఉన్నది ఏదీ పోదు.

ఇన్‌స్టాలర్‌లో ‘సమ్‌థింగ్ ఎల్స్’ (ఏ భాగంలో వేయాలో మనమే చెప్పే పద్ధతి) ఎంచుకుని సీ ఉన్న భాగంలో మాత్రమే లినక్స్ వేసి, డీని అలాగే ఉంచవచ్చు కదా అని కొంచెం తెలిసినవాళ్లు అంటారు. ఉంచవచ్చు. కానీ అక్కడ కనపడేవి ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2, ఎస్‌డీఏ5 లాంటి, డిస్క్ భాగాలకు లినక్స్ పెట్టే పేర్లు. మన షాపుల్లో 320 జీబీ డిస్క్‌ని సగానికి సగం చేసి సీకి 150, డీకి 150 ఇవ్వడం అలవాటు. సైజు చూసి ఏది ఏదో పోల్చుకోలేరు. ఇంకో తికమక కూడా ఉంది. విండోస్‌లో 465 జీబీ అని కనపడిన డిస్కే లినక్స్‌లో 500 జీబీ అని కనపడుతుంది. లెక్కకట్టే పద్ధతి వేరు, డిస్క్ ఒకటే. కాబట్టి ఇన్‌స్టాల్ మొదలుపెట్టకముందే, లైవ్ డెస్క్‌టాప్‌లో (డిస్క్‌లో ఏమీ వేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్‌లో) ఒక్కో భాగాన్ని తెరిచి లోపలి ఫైళ్లు చూడండి. ‘డిస్క్స్’ అనే యాప్‌లో దాని పేరేంటో చూసి కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత కూడా బ్యాకప్ లేకుండా ముందుకు వెళ్లకండి.

బ్యాకప్ అంటే అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్ కాదు. ఆ కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టగలిగేది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాక, దాన్ని ఇంకో సిస్టమ్‌కి తగిలించి నాలుగు ఫొటోలు, రెండు వీడియోలు తెరిచి చూడండి. తెరుచుకోని కాపీని బ్యాకప్ అనలేం. డీ ఒక్కటే కాపీ చేసి ఊరుకోవద్దు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఉండేది సీలో. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు కూడా అక్కడే. విండోస్ అసలు తెరుచుకోకపోతే భయపడకండి, లైవ్ డెస్క్‌టాప్ నుంచే ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు.

వీటన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఇంకొకటి ఉంది. చిన్న ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే వేగమైన డిస్క్) కొనండి. పాత హార్డ్ డిస్క్‌ని తీసి జాగ్రత్త చేయండి, ఖాళీ ఎస్ఎస్‌డీ పెట్టి దానిమీద లినక్స్ వేయండి. మింట్‌కి కావలసింది కనీసం 20 జీబీ, సౌకర్యంగా ఉండాలంటే 100 జీబీ, కాబట్టి పెద్దది అక్కర్లేదు. సిస్టమ్ వేగం పెరుగుతుంది, పాత డిస్క్‌లోని సీ, డీ చెక్కుచెదరకుండా ఉంటాయి. చెరిపేయడానికి ఎదురుగా ఏమీ లేనప్పుడు తప్పు నొక్కినా నష్టం లేదు.

పెన్‌డ్రైవ్ చేసేటప్పుడూ ఇదే తప్పు

సీడీ డ్రైవ్ లేని సిస్టమ్‌కి పెన్‌డ్రైవే దారి. సీడీ రోజుల్లో ఈ ప్రమాదం లేదు, ఖాళీ సీడీ మీద రాస్తే ఇంకేదీ చెరిగేది కాదు. పెన్‌డ్రైవ్ అలా కాదు. పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ చేసే ప్రోగ్రాం రూఫస్ అయినా, బలేనా ఎచర్ అయినా, వెంటాయ్ అయినా మీరు ఎంచుకున్న డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేసి రాస్తుంది. నిన్న బ్యాకప్ తీసుకున్న పెన్‌డ్రైవ్‌నే ఈ రోజు బూటబుల్ చేసినవాళ్లను చూశాను. బ్యాకప్ పోయింది, తర్వాత డీ డ్రైవ్ కూడా పోయింది.

రూఫస్ మామూలుగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లను జాబితాలో చూపించదు. అది మంచికే. ‘లిస్ట్ యూఎస్‌బీ హార్డ్ డ్రైవ్స్’ అన్నచోట టిక్ పెట్టమని ఎవరు చెప్పినా పెట్టకండి. పెడితే మీ బ్యాకప్ డిస్క్ కూడా ఆ జాబితాలోకి వస్తుంది. ఇప్పటికే లినక్స్ ఉన్న సిస్టమ్ నుంచి డీడీ (dd) కమాండ్‌తో రాసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎస్‌డీబీ (పెన్‌డ్రైవ్) అనాల్సిన చోట ఎస్‌డీఏ (లోపలి డిస్క్) అని పడితే, సరేనా అని కూడా అడగదు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు కూడా స్థిరం కావు. నిన్న ఎస్‌డీబీగా ఉన్నది రీస్టార్ట్ చేశాక ఎస్‌డీఏ కావచ్చు. ఏ డిస్క్ ఏదో పేరు చూసి కాదు, సైజు, కంపెనీ చూసి గుర్తుపట్టండి.

ఐఎస్ఓ ఫైల్ (లినక్స్ ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైల్) అసలు సైట్ నుంచే దింపుకోండి, అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యతో (ఫైల్ మారలేదని చూపేది) సరిపోల్చండి. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైట్‌లోకి హ్యాకర్లు చొరబడి, మింట్ 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకుల్ని దొంగదారి (బ్యాక్‌డోర్) చొప్పించిన ఐఎస్ఓ వైపు మళ్లించారు. సరిగ్గా దిగని ఫైల్‌తో సగంలో ఆగిపోయిన ఇన్‌స్టాలేషన్లు అంతకన్నా మామూలు సంగతి.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాని మరీ పాత సిస్టమ్‌లు

ఎక్స్‌పీ కాలం నాటి కొన్ని సిస్టమ్‌ల బయోస్‌కి (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) యూఎస్‌బీ నుంచి బూట్ కావడం రాదు. ప్లాప్ బూట్ మేనేజర్ అనే ప్రోగ్రాంతో కొన్నిటిని దారికి తేవచ్చు, నెట్‌వర్క్ కేబుల్ ద్వారా కూడా వేయవచ్చు. ఎక్కువమంది చేసేది మాత్రం ఆ డిస్క్ ఊడదీసి ఇంకో డెస్క్‌టాప్‌కి తగిలించి అక్కడ ఇన్‌స్టాల్ చేయడం. ఇక్కడ పోయేది మీ డీ డ్రైవ్ కాదు, ఆ డెస్క్‌టాప్ వాళ్లది. ముందు వాళ్ల డిస్క్ కేబుల్ తీసేయండి. మీ డిస్క్ ఒక్కటే తగిలి ఉండాలి. ఆ డెస్క్‌టాప్‌ని లెగసీ (పాత బయోస్ పద్ధతి) మోడ్‌లోనే బూట్ చేయండి, యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) మోడ్‌లో వేసింది పాత బయోస్‌లో లేవదు.

ఇక మిగతావి. వరుస చూడకండి, ఒక్కటీ వదలకండి.

ఇన్‌స్టాల్ చేసే సమయంలో సిస్టమ్‌కి రెండే తగిలి ఉండాలి: లినక్స్ వేయాల్సిన డిస్క్, బూటబుల్ పెన్‌డ్రైవ్. బ్యాకప్ డిస్క్ ఊడదీయండి. ఫోన్ తీసేయండి. మెమరీ కార్డు తీసేయండి. డెస్క్‌టాప్‌లో రెండో డిస్క్ ఉంటే దాని కేబుల్ లాగేయండి.

ఇన్‌స్టాలర్‌కి ఒకే డిస్క్ కనపడుతుంటే, అది మీ హార్డ్ డిస్కేనని అనుకోవద్దు. బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌ని కలిపే పద్ధతి) రెయిడ్ అని ఉంటే కొన్ని సిస్టమ్‌లలో లోపలి డిస్క్ లినక్స్‌కి కనపడదు, ఊడదీయని బ్యాకప్ డిస్క్ మాత్రం కనపడుతుంది. సైజు చూడండి. తేడాగా ఉంటే ఆపేయండి.

ఆ మోడ్‌ని ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు. అందుకే కాపీలన్నీ అయ్యాకే మార్చండి.

‘ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్’ (విండోస్‌ని ఉంచి పక్కనే లినక్స్ వేయడం) అంటే ప్రమాదం లేనిదని కాదు. అది డిస్క్‌లో ఇప్పటికే ఉన్న ఒక భాగాన్ని కుదిస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోతే సీ, డీ రెండూ దెబ్బతినవచ్చు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోకండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలవకపోతే ఎండాకాలం మధ్యాహ్నం, గాలివాన రోజు అసలే వద్దు.

బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉందేమో చూడండి. ఉంటే బయోస్‌లో ఏదీ ముట్టుకోకముందే రికవరీ కీ రాసుకోండి.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేశాకే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. సగం నిద్రలో ఉన్న విండోస్ డిస్క్‌ని లినక్స్ నుంచి మార్చితే ఫైళ్లు పాడవుతాయి.

32 బిట్ ప్రాసెసర్ అయితే ఇప్పటి మింట్, ఉబుంటు ఎక్కవు. డెబియన్ అనే ఇంకో లినక్స్‌కి 12వ వెర్షన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉంది, 2025 ఆగస్ట్‌లో వచ్చిన డెబియన్ 13లో తీసేశారు.

తేదీ తప్పుగా ఉంటే సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ) మార్చండి. తేదీ వెనకబడి ఉంటే అప్‌డేట్లు దిగవు.

లైవ్ డెస్క్‌టాప్‌లో వైఫై పనిచేస్తోందా, తెలుగు టైపింగ్ మీకు వీలుగా ఉందా ముందే చూడండి. వైఫై రాకపోతే యూఎస్‌బీ టెథరింగ్‌తో (ఫోన్‌లోని నెట్‌ని కేబుల్ ద్వారా) నెట్ ఇవ్వవచ్చు, అయితే డిస్క్ ఎంపికలన్నీ ముగిశాకే ఫోన్ తగిలించండి.

డీటీపీ పని, టాలీ, జీఎస్టీ కోసం డిజిటల్ సంతకం డాంగిల్ ఉన్న సిస్టమ్ అయితే లినక్స్ వేయకండి. పేజ్‌మేకర్, అను ఫాంట్ల ఫైళ్ల మీద బతికే దుకాణం మర్నాడు మూతపడుతుంది.

హార్డ్ డిస్క్ టకటకమంటోందా? ఇన్‌స్టాల్ సంగతి మరిచిపోండి. ఫైళ్లు బయటికి తీయండి.

ఇంకొకరి సిస్టమ్ మీద చేస్తుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. “బ్యాకప్ ఉందా?” అని అడగొద్దు, ఉందనే అంటారు. “చూపించండి” అనండి. “డీలో ఉందిలే” అంటే పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని లేచి వచ్చేయండి.

రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టకండి.

ఇప్పటికే డీ డ్రైవ్ పోయిందా? పవర్ బటన్ నొక్కిపట్టి ఆ సిస్టమ్‌ని ఇప్పుడే ఆపండి. మళ్లీ ఆన్ చేయకండి. అప్‌డేట్లు వద్దు, బ్రౌజర్ తెరవద్దు, మళ్లీ విండోస్ వేస్తే తిరిగొస్తుందేమోనని ప్రయత్నించవద్దు. రాసిన ప్రతి కొత్త ఫైల్ పాత ఫొటోల మీద పడవచ్చు. డిస్క్ ఊడదీసి, వేరే సిస్టమ్‌లో దానికి పూర్తి కాపీ తీసి, ఆ కాపీ మీద పోయిన ఫైళ్లను వెతికే టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ ప్రోగ్రాంలు నడపండి. ఫొటోరెక్‌తో ఫొటోలు దొరికినా ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు రావు. హార్డ్ డిస్క్ అయితే కొంత ఆశ ఉంటుంది. ఎస్ఎస్‌డీ అయితే ఫార్మాట్ సమయంలోనే ఖాళీ చేయమని ఆదేశం వెళ్తుంది కాబట్టి దాదాపు ఏమీ మిగలదు. ఆ సంగతి ఇంటివాళ్లకు సూటిగా చెప్పండి, వాట్సాప్‌లో బంధువులకు పంపిన ఫొటోలు వాళ్ల ఫోన్లలో ఉన్నాయేమో ఆ రోజే అడగడం మొదలుపెట్టండి.